మూడో లైను, రాత్రి షిఫ్టు

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటే మీలో చిన్నది గొంతు పెంచి అడిగింది, "పెద్దమ్మా, అన్నేళ్లు వాషింగ్టన్‌లో ఆఫీసుకి వెళ్లి ఏం చేసేదానివి?" అని. వేరే దేశాల ఫ్యాక్టరీల్లో కార్మికులకు అన్యాయం జరుగుతోందేమో చూసే బృందానికి పెద్దగా ఉండేదాన్ని అన్నాను. "వేరే దేశంలో జరిగేది నువ్వెందుకు చూడాలి?" అని వెంటనే ఇంకో ప్రశ్న. మంచి ప్రశ్న. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

రెండు దేశాలు వాణిజ్య ఒప్పందం చేసుకుంటాయి. నీ సరుకు మీద నేను సుంకం వేయను, నా సరుకు మీద నువ్వు వేయకు అన్నది అందులో ముఖ్యమైన మాట. ఇప్పుడు ఆ రెండింట్లో ఒక దేశం తన కార్మికులను యూనియన్ పెట్టుకోనివ్వదనుకోండి. జీతం పెంచమని నోరు తెరిచినవాణ్ణి మర్నాడే గేటు బయట నిలబెడుతుందనుకోండి. అక్కడ సరుకు చవగ్గా తయారవుతుంది. ఆ చవక ఆ కార్మికుడి కడుపు మాడ్చి తీసింది. అదే సరుకు సుంకం లేకుండా రెండో దేశానికి వచ్చి పడితే అక్కడి ఫ్యాక్టరీ కూడా మూతపడుతుంది. నష్టం ఇద్దరికీ. అందుకే ఒప్పందంలో కార్మికుల కోసం ఒక అధ్యాయం రాస్తారు. దాని సారాంశం ఇంతే: మీ దేశంలో కార్మిక చట్టాలు ఉన్నాయి కదా, వాటిని నిజంగా అమలు చేయండి. కొలబద్ద 1919లో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థది. సంఘం పెట్టుకునే హక్కు, వెట్టిచాకిరీ వద్దు, పిల్లలచేత పని వద్దు, వివక్ష వద్దు అని 1998లో అది ప్రకటించింది. 2022లో పనిచోట భద్రతనూ చేర్చింది.

మొదట్లో ఈ అధ్యాయం ఒప్పందం లోపల కూడా ఉండేది కాదు. 1994లో అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు కార్మికుల సంగతి పక్కన విడిగా ఇంకో కాగితం మీద రాసుకున్నారు. యూనియన్ హక్కు తొక్కేశారని ఫిర్యాదు వస్తే మంత్రులు కూర్చుని మాట్లాడుకోవడమే, అంతకు మించి దారి లేదు.

మెక్సికోలో ఒకసారి ఒక కార్మికుడు తన జీతం చీటీ మడత విప్పి మా ముందు పెట్టాడు. వారం జీతం. అందులో ఒక వరసలో 'కోటా సిందికాల్' అని ఉంది, అంటే యూనియన్ చందా. పక్కన కోసుకున్న మొత్తం. మీ యూనియన్ నాయకుడెవరు అని అడిగాం. తెలీదన్నాడు. మీటింగులు ఎక్కడ జరుగుతాయి? ఎప్పుడూ చూడలేదన్నాడు. యూనియన్ యజమానితో చేసుకున్న ఒప్పందం కాపీ? అలాంటిది ఒకటుంటుందని అతనికి తెలియనే తెలియదు. ఆ దేశంలో దీన్ని 'రక్షణ ఒప్పందం' అంటారు. రక్షణ కార్మికుడికి కాదు, యజమానికి. ఫ్యాక్టరీ తలుపులు తెరవకముందే, ఒక్క మనిషినీ పనిలోకి తీసుకోకముందే, యజమాని తనకు నచ్చిన యూనియన్‌తో సంతకాలు కానిచ్చేస్తాడు. తర్వాత నిజమైన యూనియన్ పెడదామని ఎవరొచ్చినా "ఇప్పటికే ఉంది కదా" అంటారు. కంచే చేను మేయడమంటే ఇదే. పైపైన చూస్తే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి: యూనియన్ ఉంది, ఒప్పందం ఉంది, చందా కూడా కడుతున్నారు. మా పని ఆ పైపూత కింద ఏముందో చూడటం.

చూడటం ఒక ఎత్తు, రుజువు చేయడం ఇంకో ఎత్తు. గ్వాటెమాల కేసు చెబుతాను, వినండి. 2008లో అక్కడి ఆరు యూనియన్లు, అమెరికా కార్మిక సమాఖ్యతో కలిసి అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాయి. యూనియన్ పెట్టినందుకు తీసేసిన కార్మికులను మళ్లీ పనిలోకి తీసుకోమని అక్కడి కోర్టులే ఆదేశించాయి, ఆ ఆదేశాలను అమలు చేయించేవాడే లేడు. చర్చలు, ప్రణాళికలు, గడువులు, మళ్లీ గడువులు. చివరికి అమెరికా ఆ కేసును ప్యానెల్ ముందు, అంటే రెండు దేశాల తగువు తీర్చే మధ్యవర్తుల ముందు పెట్టింది. తీర్పు వచ్చింది 2017లో. ఎనిమిది పనిచోట్ల, 74 మంది విషయంలో గ్వాటెమాల కోర్టు ఆదేశాలను అమలు చేయించలేదని ప్యానెల్ ఒప్పుకుంది. ఒప్పుకుని కూడా, అమెరికా ఓడిపోయిందని తేల్చింది! ఎందుకంటే ఆ దేశంతో అమెరికా చేసుకున్న వాణిజ్య ఒప్పందంలో ఒక మాట ఉంది: ఆ ఉల్లంఘన 'వాణిజ్యాన్ని ప్రభావితం చేసే రీతిలో' ఉండాలి. అదీ ఒకసారి కాదు, పదేపదే జరగాలి. అది రుజువు కాలేదన్నారు. తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో ఆ 74 మంది ఇళ్లలో పిల్లలు మీ అంతవాళ్లై ఉంటారు. ఆ తీర్పు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఒక్క మాట ఎక్కడ రాశామన్నదాని మీద మనుషుల బతుకులు ఆధారపడతాయని మా బృందంలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఆ తీర్పు చదివించేదాన్ని.

ఆ దెబ్బ ఊరికే పోలేదు. 2020 జులై 1న నాఫ్టా స్థానంలో కొత్త ఒప్పందం వచ్చినప్పుడు బరువు అటువాళ్ల భుజానికి మార్చారు. ఉల్లంఘన జరిగితే అది వాణిజ్యాన్ని ప్రభావితం చేసినట్టే లెక్క, కాదంటే ఎదుటి దేశమే నిరూపించుకోవాలి. ఇంకో కొత్త ఏర్పాటు కూడా పెట్టారు, త్వరిత స్పందన విధానం అందాం. దేశం మొత్తం మీద కాదు, ఒక్క ఫ్యాక్టరీ మీద ఫిర్యాదు చేయొచ్చు. అర్జీ చూడటానికి అమెరికా అధికారులకు 30 రోజులు. మెక్సికో జవాబివ్వడానికి 10 రోజులు, విచారణకు 45 రోజులు. ఈలోగా ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చే సరుకుకు కస్టమ్స్ లెక్క తేల్చకుండా ఆపి ఉంచొచ్చు. యజమాని చెవులు అప్పుడు నిక్కబొడుచుకుంటాయి.

మొట్టమొదట ఇది వాడింది మెక్సికోలోని సిలావోలో, జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కులు తయారయ్యే చోట. 2021 ఏప్రిల్‌లో అక్కడ పాత యూనియన్ ఒప్పందం ఉంచాలా వద్దా అని ఓటింగ్ జరుగుతుంటే కొన్ని ఓటు చీటీలు నాశనమయ్యాయని మెక్సికో ప్రభుత్వమే కనిపెట్టి ఓటింగ్ ఆపేసింది. మే 12న అమెరికా విచారణ కోరింది. ఆగస్టులో, అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశీలకులు చూస్తుండగా, మళ్లీ ఓటింగ్. ఈసారి కార్మికులు పాత ఒప్పందాన్ని తోసేశారు. 2022 ఫిబ్రవరిలో తాము కట్టుకున్న కొత్త యూనియన్‌ను నాలుగింట మూడొంతుల ఓట్లతో గెలిపించుకున్నారు. ఆ మేలో జీతాలు 8.5 శాతం పెరిగాయి. 8.5 అంటే ఏముందిలే అనుకోకండి. తాము ఎన్నుకున్న మనిషి బల్లకు అవతల కూర్చుని బేరమాడి తెచ్చింది అది.

అన్నీ ఇలా గెలవవు. మెక్సికోలోనే సకాతెకాస్ రాష్ట్రంలోని ఒక గని కేసు ఈ విధానం కింద ప్యానెల్ దాకా వెళ్లిన మొదటిది. అది తన పరిధిలోకి రాదని 2024లో ప్యానెల్ చెప్పేసింది.

ఇక నా సంగతి. బృందానికి పెద్ద అంటే ఎక్కువ తెలిసినవాళ్లు అనుకుంటారు. నా వరకూ ఎక్కువ భయపడాల్సినవాళ్లు. మా దగ్గరికి వచ్చే రుజువు ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒక కార్మికురాలు, తన ఉద్యోగం పోతుందని తెలిసీ, చెబితేనే వస్తుంది. ఒక దేశంలో అలా ఒకామె చెప్పింది. నేను ఆ ప్రభుత్వానికి ఉత్తరం రాశాను. ఆమె పేరు రాయలేదు, ఊరు రాయలేదు. చాలా జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను. కానీ 'మూడో లైనులో రాత్రి షిఫ్టు కార్మికులు చెప్పిన ప్రకారం' అని రాశాను. ఆ లైనులో రాత్రిపూట పనిచేసేది నలుగురే. ఆ నలుగురిలో యూనియన్ గురించి మాట్లాడేది ఒక్కరే. ఉత్తరం వెళ్లిన మూడు వారాలకు ఆమెను పనిలోంచి తీసేశారు.

చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. ఆమె ఉద్యోగం తిరిగి ఇప్పించడానికి మేం పడని పాట్లు లేవు. ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల జీతం సగమే ఇచ్చారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ తర్వాత మా దగ్గర ఒక అలవాటు మొదలుపెట్టాను. ఏ ఉత్తరం బయటికి పోవాలన్నా బృందంలో ఒకరు దాన్ని ఆ ఫ్యాక్టరీ మేనేజర్ కళ్లతో చదవాలి. ఇది ఎవరు చెప్పి ఉంటారో పట్టుకోవడమే నీ పని అనుకుని చదవాలి. పట్టుకోగలిగితే ఆ వాక్యం తీసేయాలి, దాంతో కేసు కాస్త బలహీనపడినా సరే. ఈ విషయంలో పై అధికారులతో నాకు వాదనలు జరిగాయి. నేను వెనక్కి తగ్గలేదు.

ఆమెది ఏ దేశమో, ఆ ఫ్యాక్టరీలో ఏం తయారయ్యేదో మీకు చెప్పలేదు, గమనించారా? ముందు రాశాను. తర్వాత ఇంకోసారి చదివి కొట్టేశాను.

సెలవులకు వచ్చినప్పుడు మిగతా ప్రశ్నలన్నీ అడగండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ