బొమ్మ యువరాణికే ఓటేసిన సభ: మేరీ డి మోర్గన్ కథల నేపథ్యం

ఆ రాజ్యంలో మర్యాద ఎంత ముదిరిందంటే, మనసులో మాట పైకి అనడమే తప్పు. పరాయి దేశం నుంచి కోడలిగా వచ్చిన రాణి ఆ మౌనంలో చిక్కి శల్యమై చనిపోతుంది. ఆమె కూతురు అర్సులాకూ అదే గతి పట్టకూడదని టాబొరెట్ అనే దేవత పిల్లను ఒక జాలరి ఇంటికి చేర్చి, కోటలో ఆమె స్థానంలో ఒక బొమ్మను పెడుతుంది. ఆ బొమ్మను ఒక మాంత్రికుడి దగ్గర కొన్న వెల: నాలుగు పిల్లుల అడుగుల చప్పుడు, రెండు చేపల అరుపులు, రెండు హంసల పాటలు. దానికి వచ్చిన మాటలు నాలుగే: ‘దయచేసి’, ‘వద్దండీ’, ‘తప్పకుండా’, ‘అలాగేనండీ’. ఏళ్ల తరబడి మోసం ఎవరికీ తెలియదు. తెలిశాక కూడా సభ బొమ్మనే కోరుకుంటుంది. అర్సులా తిరిగి జాలరి ఇంటికి వెళ్లి, ఆ ఇంటి కొడుకు ఫిలిప్‌ను పెళ్లాడుతుంది.

ఈ ‘ఎ టాయ్ ప్రిన్సెస్’ కథ 1877 నాటి ‘ఆన్ ఎ పిన్‌కుషన్’ పుస్తకంలోది. రాసిన మేరీ డి మోర్గన్ 1850లో లండన్‌లో పుట్టారు. తండ్రి అగస్టస్, గణితవేత్త. మద్రాసు ప్రెసిడెన్సీలోని మదురైలో 1806లో పుట్టినవాడు. మత కారణాలతో ఒక అర్హుడికి ఆచార్య పదవి నిరాకరించారని 1866లో లండన్ యూనివర్సిటీ కాలేజీ ఉద్యోగం వదిలేశాడు. లోకం మెచ్చే పద్ధతికి తలవంచడం ఆ ఇంట అలవాటు లేదు.

అప్పటి చట్టం కూడా గుర్తుంచుకోవాలి. పెళ్లయిన ఆడమనిషి సంపాదన ఆమెదేనని ఇంగ్లండ్ ఒప్పుకున్నది 1870లో. మొత్తం ఆస్తిపై ఆమెకు హక్కు దక్కింది 1882లో. బొమ్మ కథ సరిగ్గా ఈ రెండింటి మధ్య వచ్చింది. అందుకే దాన్ని కేవలం కపట మర్యాదల మీద వెక్కిరింతగా చదివితే సగమే అందుతుంది. అర్సులా సింహాసనం కోసం పోరాడదు. తనను కోరుకోని సభను వదిలేస్తుంది. మేరీ ధైర్యమంతా ఆ వదిలేయడంలో ఉంది.

అలాగని పెళ్లి వద్దన్న ప్రతి స్త్రీనీ ఆమె నెత్తిన పెట్టుకోలేదు. 1880లో చిత్రకారుడు వాల్టర్ క్రేన్ గీసిన చిత్రాలతో వచ్చిన ‘ది నెక్లెస్ ఆఫ్ ప్రిన్సెస్ ఫియోరిమోండ్’లో యువరాణి తన వరులను ఒక్కొక్కరినే హారంలో పూసలుగా మార్చుకుంటుంది. చివరికి తానూ ఒక పూసై అదే హారంలో చిక్కుకుంటుంది. నాకు తెలిసి విక్టోరియా కాలపు అద్భుత కథల్లో ఇంత కరకుగా అల్లినవి తక్కువ.

మేరీ పెళ్లి చేసుకోలేదు. కవి, డిజైనర్ విలియం మోరిస్, చిత్రకారుడు బర్న్-జోన్స్‌ల పిల్లలకు కథలు చెప్పేవారు; 1896లో మోరిస్ చివరి జబ్బులో సేవ చేశారు. నవల మాత్రం 1887లో విలియం డాడ్సన్ అనే మగపేరుతో అచ్చయింది. మూడో కథల పుస్తకం ‘ది విండ్‌ఫెయిరీస్’ 1900లో వచ్చింది. ఆ తర్వాత ఈజిప్టు వెళ్లి, హెల్వాన్‌లో ఆడపిల్లల సంస్కరణాలయం బాధ్యత చూస్తూ 1907లో కన్నుమూశారు.

కుండలు, టైల్స్ చేసిన అన్న విలియం పేరు నిలిచినంతగా ఆమె పేరు నిలవకపోవడం అన్యాయమే. మూడు పుస్తకాల కథలూ ఒకే సంపుటిగా మళ్లీ అచ్చయింది 1963లో. 1980ల నుంచి విక్టోరియా కథల సంకలనాల్లోకి మాత్రం ఎక్కువగా బొమ్మ యువరాణే ఎక్కుతోంది. కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టి ఇప్పుడు మూడూ ఉచితంగా దొరుకుతాయి. మొదట 1880 పుస్తకం పట్టుకోండి. కథలు బిగువుగా ఉన్నది అందులోనే.