ఆదివారం విన్నది సోమవారం ఎలా చేయాలి?

ప్రియమైన పిల్లలకు,

ప్రేమించండి, క్షమించండి అని పెద్దలందరూ చెబుతారు గానీ పొద్దున్నే లేచి అసలు ఏం చేయాలో ఎవరూ చెప్పరని మీలో కొందరి ఫిర్యాదు. న్యాయమైన ఫిర్యాదే. మా తరం ప్రసంగాల్లో పెద్ద పెద్ద మాటలు ఎక్కువ, పని తక్కువ. బైబిల్లో యేసు జీవితం చెప్పే సువార్తలు మాత్రం అలా ఉండవు. వాటిలో చాలా చోట్ల ప్రేమకు లెక్క ఉంటుంది: ఇంత డబ్బు, ఇంత సమయం, ఫలానా మనిషి.

యేసు చెప్పిన మంచి సమరయుడి కథ మీకు కంఠతా వచ్చు కదా, దాన్ని ఈసారి ఖర్చుల లెక్క రాసుకుంటూ చదవండి. యెరూషలేము నుంచి యెరికోకు దాదాపు 27 కిలోమీటర్లు. దారి పొడవునా దిగుడే, మొత్తం మీద వెయ్యి మీటర్ల పైమాటే. కొండలు, మలుపులు, దొంగలకు కావలసినంత చాటు. అక్కడ దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి కూడా ఆగకుండా వెళ్లిపోయిన యాజకుడి మీద, దేవాలయ సేవకుడైన లేవీయుడి మీద నాకు మీ సండే స్కూల్ టీచర్లకు వచ్చినంత కోపం రాదు. భయపడి ఉంటారు. యూదులకు గిట్టని జాతివాడైన సమరయుడికీ అదే దారి, అదే ప్రమాదం. అయినా ఆగాడు. తన నూనె, తన ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. ఆ రోజుల్లో దేనారం అంటే కూలివాడి ఒక రోజు కూలి. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అన్నాడంటే, తన ప్రయాణం తాను కొనసాగించాడనే కదా! సాయం చేయడమంటే మన పనులన్నీ వదిలేసి ఒకరి వెంటే ఉండిపోవడం అనుకుని చాలామంది మొదలే పెట్టరు. జ్వరంతో వారం రోజులు స్కూలుకు రాని అమ్మాయికి మీ నోట్సు ఇచ్చి, అర్థం కాని లెక్కలు ఓ గంట కూర్చుని చెప్పండి. తర్వాత వెళ్లి ఆడుకోండి.

ఇంకో మాట, ఇది కాస్త గుచ్చుకుంటుంది. దేవుడికి అర్పించేశాం అనే సాకుతో తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది ఎగ్గొట్టేవాళ్లను యేసు గట్టిగా మందలించాడు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. క్వైర్ ప్రాక్టీసు ఉందని ఇంట్లో గిన్నెలు తప్పించుకునే వాళ్లు ఆ భాగం ఒకసారి చదవండి.

నేను అసలు రాయాలనుకున్నది మాత్రం తగాదాల గురించి. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు అంటాడు: బలిపీఠం దగ్గరికి అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్లి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. ఆయన ఈ మాట చెప్పింది గలిలయలో. అప్పట్లో బలిపీఠం ఉన్నది యెరూషలేము దేవాలయంలో, వంద కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడిదాకా నడిచి వెళ్లినవాడు అర్పణ వదిలేసి వెనక్కి రావడం, మళ్లీ వెళ్లడం! వింటున్న వాళ్లు ఇది అయ్యే పనేనా అనుకుని ఉంటారు. ఒక్క సారీ కోసం రోజుల తరబడి నడక. మనకు పక్క గదిలోని అన్నయ్య దగ్గరికి వెళ్లడానికే కాళ్లు రావు.

ఇంకా గమనించండి. నీకు అతని మీద కోపం ఉంటే అనలేదు, అతనికి నీ మీద ఉంటే అన్నాడు. అంటే మీ వల్ల నొచ్చుకున్నవాళ్లు ఎవరో గుర్తు చేసుకోవడం మీ పనే. అడిగేటప్పుడు "నీకు బాధనిపించి ఉంటే సారీ" అనకండి, అది తప్పును అవతలివాళ్ల మీదకే నెట్టడం. "నీ గురించి గ్రూపులో అలా పెట్టడం తప్పు" అని చేసిన పని పేరు పెట్టి చెప్పండి. గ్రూపులో పరువు తీశారా, గ్రూపులోనే దిద్దండి. చాటుగా చెప్పే సారీ అక్కడ సరిపోదు.

దిద్దడం అంటే జక్కయ్య గుర్తొస్తాడు. పన్నులు వసూలు చేసి డబ్బున్నవాడైన సుంకరి. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మోసంతో తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇస్తే చాలని బైబిల్లోని ధర్మశాస్త్ర పుస్తకం లేవీయకాండం చెబుతుంది. అతను అంతకు మించి వెళ్లాడు. అయితే వరుస మరిచిపోవద్దు. యేసు ముందు అతని ఇంటికి వస్తానన్నాడు, లెక్కలు సరిచేస్తానన్న మాట తర్వాత వచ్చింది. మంచిపనులు చేసి దేవుణ్ణి కొనుక్కోవాలన్న టెన్షన్ మీకు వద్దు. ప్రేమ దొరికినవాడి చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది.

నచ్చనివాళ్లను ఎలా ప్రేమిస్తాం అంటారా? నెదర్లాండ్స్‌లో డర్క్ విలెమ్స్ అనే ఆయన ఉండేవాడు. పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నందుకు, అప్పట్లో అది నేరం కాబట్టి, ఖైదు చేస్తే తప్పించుకుని మంచు గడ్డకట్టిన నీటి మీదుగా పారిపోయాడు. వెంటపడినవాడు మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డర్క్ వెనక్కి వచ్చి అతన్ని బయటికి లాగాడు. దానివల్లే దొరికిపోయాడు, 1569లో సజీవంగా కాల్చేశారు. వెంటపడినవాడి మీద ఆయనకు ఇష్టం ఉందో లేదో ఎవరికీ తెలియదు, చెయ్యి మాత్రం అందించాడు. మీ మనసులో ఇష్టం పుట్టేదాకా ఆగనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. క్షమించడమంటే మిమ్మల్ని కొట్టేవాళ్ల గురించి, తాకకూడని విధంగా తాకేవాళ్ల గురించి నోరు మూసుకోవడం అని ఎవరు చెప్పినా, చర్చి పెద్దలే చెప్పినా, నమ్మకండి. వెంటనే నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పండి. ఒకరు పట్టించుకోకపోతే ఇంకొకరికి చెప్పండి.

చివరిగా, సారీ చెప్పినా అవతలివాళ్లు మాట్లాడకపోతే? మీ చేతనైనంత వరకు అందరితో సమాధానంగా ఉండండి అన్నాడు తొలి క్రైస్తవ బోధకుడు పౌలు. మీ చేతిలో ఉన్నది మీరు చేశారు. మెసేజ్ మీద మెసేజ్ పెట్టి విసిగించకండి, వేరేవాళ్లతో సిఫార్సులు చేయించకండి. తీసుకున్నది తిరిగి ఇవ్వండి, ఎదురైతే మామూలుగా పలకరించండి. కోపం తగ్గడానికి వాళ్లకు కావలసిన టైమ్ వాళ్లది.

ప్రేమతో,
మీ తాతయ్య