కంకరకు జిగురెందుకు?

రేణిగుంట జంక్షన్‌లో ప్లాట్‌ఫారం అంచు నుంచి పట్టాల కిందికి చూస్తే బూడిదరంగు గ్రానైట్ కంకర కనిపిస్తుంది. వేల టన్నుల గూడ్సు బండి దాని మీదుగా దడదడమంటూ పోయినా అది చెదరదు. ఆ రాళ్లను ఎవరూ ఏ జిగురుతోనూ అంటించలేదు. అదే దృశ్యాన్ని ఇంట్లో బల్ల మీద నమూనా రైలు కోసం కట్టుకునేవారికి మాత్రం జిగురు డబ్బా తెరవక తప్పదు. తెరవకపోతే బల్ల కాస్త కదిలినా, తుడుపుగుడ్డ తగిలినా గింజలు లేచి పట్టాల మీదికి, అక్కడి నుంచి ఇంజను పళ్లచక్రాల్లోకి చేరతాయి.

ఈ తేడా లెక్కలో ఉంది. మన రైల్వే కంకర సుమారు 20 నుంచి 65 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నమూనా రైళ్లలో బాగా చెలామణిలో ఉన్న హెచ్‌ఓ కొలత అసలులో 87వ వంతు. అంటే 65 మిల్లీమీటర్ల రాయి ముప్పావు మిల్లీమీటరు గింజ అవుతుంది. పొడవు 87 రెట్లు తగ్గితే ఉపరితలం 7,569 రెట్లు తగ్గుతుంది. బరువు ఏకంగా 6,58,503 రెట్లు తగ్గుతుంది. 170 గ్రాముల రాయికి బదులు మన చేతిలో మిగిలేది పావు మిల్లీగ్రాము. అసలు రాయిని నిలిపేది దాని బరువు, దాని పదునైన అంచులు పక్క రాళ్లతో పెనవేసుకునే పట్టు. గింజలో అంచులు మిగిలాయి గానీ వాటిని అదిమిపట్టే బరువు పోయింది. ఆ లోటు పూడ్చడానికే జిగురు.

(అసలు రైల్వేలకు కూడా ఈ అవసరం ఒక్కోసారి వస్తుంది. అతివేగంగా నడిచే రైళ్ల కింద గాలి ఒత్తిడికి రాళ్లు ఎగిరే ప్రమాదం ఉంటుంది కనుక, కొన్ని దేశాల్లో కంకరను పాలియూరిథేన్‌తో అతికిస్తారు.)

ఇక గింజలు. స్వర్ణముఖి ఇసుక చేతికి అందుబాటులో ఉన్నా నా ఓటు దానికి కాదు. నీటిలో దొర్లి దొర్లి దాని అంచులు అరిగిపోయి ఉంటాయి. చిత్తూరు చుట్టుపక్కల క్రషర్ల నుంచి వచ్చే రోబో శాండ్ మేలు: అది కూడా పగలగొట్టిన గ్రానైటే, అసలు కంకరకు సొంత తమ్ముడు. టీ వడపోతలో జల్లించి, పిండిలాంటి సన్నని ధూళి పోయేదాకా నీటిలో కడిగి ఆరబెట్టాలి. ఆ ధూళి మిగిలితే గింజల మధ్య సందులు మూసుకుపోయి జిగురు లోపలికి దిగదు. తర్వాత కాగితం మీద పలచగా పరిచి అయస్కాంతం తిప్పండి. నల్లని మాగ్నటైట్ రేణువులు ఉంటే దానికి అంటుకుంటాయి. వాటిని వదిలేస్తే ఇంజను మోటారులోని అయస్కాంతం తనవైపు లాక్కుంటుంది.

పొడి గింజలను మెత్తని కుంచెతో స్లీపర్ల, అంటే పట్టాల కింది అడ్డదిమ్మెల, మధ్య సర్దాలి. స్లీపరు పైభాగం కన్నా ఒకింత కిందే ఆగాలి. పట్టా లోపలి వైపు ఒక్క గింజ కూడా ఆనకూడదు, చక్రపు అంచు నడిచే దారి అదే. తొందరపడకూడని పని ఇది. జిగురు ఆరాక సరిచేయడం కన్నా ఇప్పుడు కుంచెతో నాలుగుసార్లు తడమడం సులువు.

అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. నీరు కలిపిన ఫెవికాల్ చుక్కను పొడి గింజల మీద వేసి దగ్గరగా గమనించండి. అది ఇంకదు. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిచి, చుట్టూ ఉన్న సన్నని రేణువులను ఒంటికి పూసుకుంటుంది. కాస్త వాలు దొరికితే దొర్లిపోతుంది, వెనుక గుంత మిగులుతుంది. కారణం నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలం తనను తాను బిగబట్టుకునే గుణం. గదిలో మామూలు వేడిమి దగ్గర అది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. విడిగా వింటే చిన్న బలమే. కానీ అర మిల్లీమీటరు గింజను అంటిపెట్టుకున్న నీటిపొర లాగే బలం ఆ గింజ బరువుకు పదుల రెట్లు ఉంటుంది. అందుకే బొట్టు గింజలను తన వెంట ఈడ్చుకుపోతుంది.

విరుగుడు వంటింట్లోనే ఉంది. నీటిలో గిన్నెలు కడిగే ద్రవం రెండు చుక్కలు వేస్తే తలతన్యత సగానికన్నా తగ్గుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపినా అంతే. ఈ నీటిని ముందుగా మంచులా, కాస్త ఎత్తు నుంచి, గింజలు పూర్తిగా తడిసేదాకా చల్లాలి. దగ్గర నుంచి చిమ్మితే మళ్లీ గుంతలే. ఒకసారి తడిశాక గింజల మధ్య సందులు సన్నని గొట్టాల్లా పనిచేసి ద్రవాన్ని వాటంతట అవే లోపలికి పీల్చుకుంటాయి. అప్పుడు ఒక వంతు ఫెవికాల్‌కు ఒకటి రెండు వంతుల నీరు, అదే సబ్బు చుక్కతో కలిపి ఫిల్లరుతో స్లీపర్ల మధ్య వదిలితే అది పక్కలకు తనే పాకుతుంది. చాలామంది జిగురు ఏ రకమని ఆరా తీస్తారు. నన్నడిగితే పనితనమంతా ఈ ముందు తడపడంలోనే ఉంది.

ఆరేటప్పుడు నీరు ఆవిరవుతూ చివరికి గింజ గింజను తాకే చోట్లకు జరుగుతుంది. నీటితోపాటు ఫెవికాల్‌లోని అసలు జిగురు పదార్థం, పాలివినైల్ ఎసిటేట్ రేణువులూ అక్కడికే చేరి, కలిసిపోయి పారదర్శకమైన అతుకులవుతాయి. అవసరమైన చోటే జిగురు కుదురుకుంటుంది కనుక పలచని ద్రావణమే చాలు. సాధారణంగా ఒక రోజు వదిలేయాలి. తిరుపతిలో మే నెలలో పైపొర త్వరగా ఆరి లోపల తడి మిగలవచ్చు. ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గాలిలో తేమకు ఇంకా ఆలస్యమవుతుంది. ఆరేదాకా పట్టాలకు కరెంటు ఇవ్వవద్దు.

మరమ్మతులు తప్పవు కనుక, గట్టిపడ్డాక నీటికి మెత్తబడని ఎపాక్సీ జిగురు జోలికి పోకండి. తెల్ల జిగురును మళ్లీ సబ్బునీటితో నానబెడితే మెత్తబడుతుంది, పట్టాలూ గింజలూ రెండూ తిరిగి దక్కుతాయి. దీని లోపం ఒకటే: గట్టిపడ్డాక చక్రాల అదురును ప్లైవుడ్ పలకకు చేరవేసి చప్పుడు పెంచుతుంది. అది భరించలేనివారు ఆరాక కూడా సాగే లేటెక్స్ జిగురు వాడతారు.

పాకాల లాంటి జంక్షన్‌ను నమూనాగా కడుతుంటే అన్నిటికన్నా జాగ్రత్త పాయింట్ల దగ్గర. దారి మళ్లించే కదిలే పట్టాల కింద గింజలు వేయకండి. అక్కడ స్లీపర్ల మధ్య చోటుకు ముందే ముదురు బూడిదరంగు పూసి వదిలేయండి. కదిలే కీళ్ల మీద ఒక చుక్క నూనె వేస్తే పాకివచ్చిన జిగురు అక్కడ పట్టు దొరక్క ఆగిపోతుంది. జిగురు ఆరుతుండగా పాయింటును అప్పుడప్పుడు అటూ ఇటూ కదుపుతూ ఉండాలి.