చందాల సంగతి ఎముకకి తెలీదు

చలికాలం మొదలైందంటే విజయవాడలో ఏదో ఒక ఆదివారం పొద్దున్నే ఒకే రంగు టీషర్టుల గుంపు రోడ్డెక్కుతుంది. ఎవరి వైద్యానికో, ఏ ఆశ్రమానికో విరాళాలు పోగుచేసే నడకలు, పరుగులు ఇవి. పేరిచ్చినవాళ్ళలో చాలామంది స్కూలు వదిలాక మళ్ళీ పరిగెత్తింది లేదు. అయినా నెల తిరిగేసరికి కిలోమీటరు పైచిలుకు ఉండే ప్రకాశం బ్యారేజీని ఆయాసం లేకుండా రెండుసార్లు చుట్టి వస్తారు. ఇక ఫరవాలేదనుకుని దూరం రెట్టింపు చేసేది సరిగ్గా అప్పుడే. కాలు పట్టుకుని కూర్చునేదీ అప్పుడే.

సాధన మొదలైన కొద్ది రోజులకే రక్తంలో ప్లాస్మా అనే ద్రవభాగం పెరుగుతుంది, గుండె ఒక్కో స్పందనకి ఎక్కువ రక్తం పంపుతుంది. ఇంకొన్ని వారాల్లో కండరాల్లో సన్నని రక్తనాళాలూ, కణాలకి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలూ పెరుగుతాయి. ఆయాసం తగ్గేది అందుకే. ఎముక లెక్క వేరు. అది గట్టిపడేముందు కొంత బలహీనపడుతుంది. కొత్త రోడ్డు వేసేముందు పాతది తవ్వినట్టు, ఆస్టియోక్లాస్టులనే కణాలు దెబ్బతిన్న ఎముకని ముందు తొలిచేస్తాయి. అది రెండు మూడు వారాల పని. ఆ ఖాళీని ఆస్టియోబ్లాస్టులు పూడ్చి గట్టిపరచడానికి మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే ఊపిరి ధైర్యం చెప్పే ఆ నెలలోనే పాదం ఎముకల్లో మరమ్మతు సగంలో ఉంటుంది.

ఈ గొడవ మొదట కనిపించింది సిపాయిల్లో. దూరాలు కవాతు చేసిన సైనికుల పాదాలు వాచి నొప్పిపెడుతున్నాయని 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు రాశాడు. ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. 1895లో ఎక్స్‌రేలు కనుక్కున్నారు. 1897లో అలాంటి పాదాలని ఎక్స్‌రే తీసి చూస్తే, వేళ్ళ వెనకుండే పొడుగాటి ఎముకల్లో చీలిక బయటపడింది. వాళ్ళెవరూ కింద పడలేదు, ఏదీ తగల్లేదు, నడిచారంతే. దానికి మార్చ్ ఫ్రాక్చర్ అనే పేరు స్థిరపడింది.

కండరం నొప్పయితే పిక్క మొత్తం పట్టేసి రెండు మూడు రోజుల్లో వదిలేస్తుంది. ఎముక నొప్పిని మాత్రం ఒక్క వేలితో ఇక్కడే అని చూపించొచ్చు. నడిచేకొద్దీ పెరుగుతుంది, ముదిరితే రాత్రి పడుకున్నా సలుపుతుంది. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కూడా కనపడకపోవచ్చు కాబట్టి, ఫిల్మ్ బాగుందని మర్నాడే బూట్లు కట్టేయకూడదు.

వారానికి పది శాతం మించి దూరం పెంచొద్దని అందరూ చెబుతారు. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 532 మంది మీద దీన్ని పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఒక జట్టు ఆ పది శాతం లెక్కన 13 వారాలు నింపాదిగా, ఇంకో జట్టు 8 వారాల్లో గబగబా తయారైంది. రెండింట్లోనూ సుమారు ఐదుగురిలో ఒకరికి గాయమైంది. కాబట్టి ఆ పది అంకెలో మహిమేమీ లేదు. ఎముకకి పట్టే కాలం చూస్తే, నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టి, మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించడం మేలని నాకనిపిస్తుంది. క్యాన్సర్ పరిశోధనకి విరాళాల కోసం 1980లో కెనడాలో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తిన టెర్రీ ఫాక్స్ పేరు చాలామందికి తెలుసు. అంతకుముందు అతను దాదాపు ఏడాదిన్నర పాటు, 5 వేల కిలోమీటర్లకు పైగా సాధన చేశాడన్నది అంతగా వినిపించదు.

మరి ఎక్కడెక్కడి నుంచో దుర్గమ్మ కొండకి నడిచొచ్చే భవానీలకి ఏం ట్రైనింగ్ ఉందని అడుగుతారు. మండల దీక్ష అంటే 41 రోజులు చెప్పుల్లేకుండా తిరగడం. పైగా పొలం పనుల్లో రోజంతా కాళ్ళ మీద ఉండేవాళ్ళు అందులో తక్కువేం కాదు. ఇంకేం ట్రైనింగ్ కావాలి?

ఇక మన ఊరి ఉక్కపోత. చల్లగా ఉంటుందని తెల్లవారుజామునే బయల్దేరడం మంచిదే గానీ, గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేదీ ఆ వేళకే. పక్కన కృష్ణ, ఊరి మధ్య కాలవలు సరేసరి. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరిగెత్తితే దాదాపు 600 క్యాలరీలు ఖర్చవుతాయి. అందులో ముప్పాతిక వంతు, అంటే 450 దాకా, ఒట్టి వేడి. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 క్యాలరీల వేడి పట్టుకుపోతుంది. ఆవిరైతేనే సుమా! మోచేతి మీంచి కారి నేల పాలైన చెమటతో ఒంట్లో నీళ్ళు పోవడం తప్ప చల్లదనం రాదు. పది పద్నాలుగు రోజులు బయటి వేడిలో సాధన చేస్తే చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద ఎన్ని కిలోమీటర్లు కొట్టినా ఈ అలవాటు అంతగా రాదు.

అలాగని కనపడ్డ ప్రతి టెంటు దగ్గరా నీళ్ళు తాగడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం, అంటే ఉప్పు, పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువుంది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్ళు, నాలుగు గంటలు దాటి రోడ్డు మీదున్నవాళ్ళే అందులో ఎక్కువ. మన ఛారిటీ నడకల్లో నింపాదిగా నడిచేవాళ్ళది ఆ రెండో బాపతు. దాహమేస్తే తాగాలి. సాధన రోజుల్లో ముందూ తర్వాతా బరువు చూసుకుంటే, పెరిగిందీ అంటే నీళ్ళు ఎక్కువైనట్టే. ఉప్పేసిన మజ్జిగ మంచిదే గానీ, అతిగా తాగిన నీళ్ళకి అది విరుగుడు కాదు.

చందాల విషయంలో నిర్వాహకులకి ఒక మాట. కిలోమీటరుకి ఇంత అని రాయించుకుంటే, తన వల్ల డబ్బు తగ్గుతుందన్న టెన్షన్‌తో మనిషి నొప్పి దాచుకుని నడుస్తాడు. పాల్గొన్నందుకే మొత్తం ఇస్తామని ముందే రాయించుకోండి. అప్పుడు పన్నెండో కిలోమీటరు దగ్గర పాదం సలిపినవాడు మొహమాటపడకుండా ఆటో ఎక్కుతాడు.