క్లేర్మాంట్ ఎక్స్-మెన్: అభిమానుల వాదనల్లో అపోహలు - వాస్తవాలు

క్రిస్ క్లేర్మాంట్ 1975 నుంచి 1991 దాకా మార్వెల్ వాళ్ల ఎక్స్-మెన్ కామిక్స్ రాశాడు. ఒకే సూపర్‌హీరో సిరీస్ ఒకే రచయిత చేతిలో పదహారేళ్లు ఉండటం అమెరికాలోనూ అరుదే. ఆ పదహారేళ్ల కథల మీద అభిమానుల తగాదాలు మాత్రం ఇప్పటికీ తెగలేదు. "ఎక్స్-మెన్ అంటే ఆయనే" అని కొందరు, "గొప్పతనమంతా జాన్ బైర్న్ బొమ్మలది" అని కొందరు, "చివరి సగం చదవక్కర్లేదు" అని ఇంకొందరు. కామిక్స్ స్క్రిప్టు, లెటరింగ్ (బెలూన్లలో, అంటే మాటల బుడగల్లో, అక్షరాలు రాయడం) పని తెలిసినవాళ్లుగా మాకు వీటన్నిటిలో ఒకటే లోపం కనిపిస్తుంది. ఏ సంచికలో ఏ పని ఎవరు చేశారో చూడకుండా మెప్పయినా తిట్టయినా మొత్తం ఒక్కరి ఖాతాలో వేసేస్తున్నారు.

అపోహ: వుల్వరీన్, స్టార్మ్ ఉన్న కొత్త జట్టుని పుట్టించింది క్లేర్మాంటే.

వాస్తవం: ఆ జట్టు మొదట కనిపించింది 1975లో 'జెయింట్-సైజ్ ఎక్స్-మెన్' ఒకటో సంచికలో. రాసింది లెన్ వీన్, గీసింది డేవ్ కాక్రమ్. స్టార్మ్, నైట్‌క్రాలర్, కొలోసస్, థండర్‌బర్డ్ వాళ్లిద్దరి పాత్రలు. వుల్వరీన్ అంతకు ముందే, 1974లో హల్క్ 180, 181 సంచికల్లో వచ్చాడు. అక్కడా రచయిత వీనే. రూపం తీర్చింది జాన్ రొమీటా, పేజీలు గీసింది హెర్బ్ ట్రింప్. క్లేర్మాంట్ ఎక్స్-మెన్ 94వ సంచికతో చేరాడు, అది కూడా సంభాషణల కోసం. 94, 95 సంచికల కథాంశం ఇంకా వీన్‌దే.

ఆయన చేతికి వచ్చిన సిరీస్ పరిస్థితి కూడా తెలియాలి. కొత్త కథలు 1970లో 66వ సంచికతో ఆగిపోయాయి. 67 నుంచి 93 దాకా పాత కథల్నే మళ్లీ అచ్చు వేశారు. 94తో కొత్త కథలు మొదలయ్యాక కూడా 1978 దాకా రెండు నెలలకో సంచికే. పెద్దగా ఎవరూ ఆశ పెట్టుకోని సిరీస్ కాబట్టే, తొందరపడకుండా పాత్రల్ని పెంచుకునే వీలు ఆయనకి దొరికిందని మా అభిప్రాయం. ఆ పెంపకంలోనే కిట్టీ ప్రైడ్, ఎమా ఫ్రాస్ట్ (ఇద్దరూ 129వ సంచికలోనే), రోగ్, మిస్టీక్, గాంబిట్ వచ్చారు. వీళ్లు క్లేర్మాంట్ పాత్రలే, అయితే ఒక్కొక్కరి వెనక ఒక చిత్రకారుడు కూడా ఉన్నాడు.

అపోహ: కథంతా రచయితది, బొమ్మ గీసేవాడు చెప్పింది గీస్తాడు. (దీనికి కవల: కథంతా బైర్న్‌ది, క్లేర్మాంట్ మాటలు మాత్రం నింపాడు.)

వాస్తవం: రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే అప్పటి 'మార్వెల్ పద్ధతి' తెలియాలి. ముందు రచయిత, చిత్రకారుడు కలిసి కథ మాట్లాడుకుంటారు. రచయిత సంభాషణలు లేకుండా ఆ కథాంశాన్ని కొద్ది పేజీల్లో రాసిస్తాడు. ఏ సంఘటనకి ఎన్ని ప్యానెళ్లు (పేజీలోని బొమ్మల గళ్లు), ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరుగెత్తాలి అన్నది చిత్రకారుడే తేల్చి పెన్సిల్స్ గీస్తాడు, పేజీ అంచుల్లో తన ఉద్దేశం రాసిపెడతాడు. ఆ పేజీలు తిరిగొచ్చాక రచయిత సంభాషణలు, కాప్షన్లు రాసి, ఏ బెలూన్ ఎక్కడ పడాలో గుర్తు పెడతాడు. ఆ తర్వాత లెటరింగ్, ఇంకింగ్ (పెన్సిల్ గీతల మీద సిరా), రంగులు. అంటే ఆఖరి మాట రచయితది, కానీ కథ నడక చాలావరకు చిత్రకారుడిది.

తగాదా పుట్టేది ఆ ఆఖరి మాట దగ్గరే. బైర్న్ తర్వాత చెప్పిన ఉదాహరణ 140వ సంచికలోది. కొలోసస్ చెట్టు మొద్దుని అవలీలగా పెకలించినట్టు తను గీశాడు, అచ్చయ్యేసరికి కొలోసస్ నానా యాతన పడుతున్నట్టు మాటలు పడ్డాయి. బొమ్మ ఒకటి చెప్పింది, మాట ఇంకొకటి. 143వ సంచికతో బైర్న్ వెళ్లిపోయాడు.

అయినా 108 నుంచి 143 దాకా ఆ ఇద్దరి జోడీ పండిందంటే ఆ లాగులాట వల్లే. బైర్న్ కెనడాలో పెరిగినవాడు. కెనడా పాత్ర వుల్వరీన్ పక్కకి పోకుండా పట్టుబట్టింది ఆయనే. ఆ పాత్రకి మర్యాదని, గాయాన్ని ఇచ్చిన మాటలు క్లేర్మాంట్‌వి. 141, 142 సంచికల 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' మూల ఆలోచన బైర్న్‌ది. 2014 సినిమా చూసి కామిక్ పట్టుకునేవాళ్లకి ఒక మాట: కాలంలో వెనక్కి వెళ్లేది వుల్వరీన్ కాదు, కిట్టీ ప్రైడ్. పైగా అది రెండే సంచికల కథ.

అపోహ: జీన్ గ్రేని చంపాలన్నది క్లేర్మాంట్ మొదటినుంచీ వేసుకున్న పథకం. / ఎడిటర్ షూటర్ బలవంతంగా చంపించాడు.

వాస్తవం: జట్టులోని జీన్ గ్రే అదుపు తప్పిన శక్తితో డార్క్ ఫీనిక్స్‌గా మారి, 135వ సంచికలో ఆకలికి ఒక నక్షత్రాన్ని మింగుతుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద ఐదు వందల కోట్ల ప్రాణాలు పోతాయి. 137వ సంచికకి మొదట అనుకున్న ముగింపులో జీన్ బతుకుతుంది. షియార్ అనే గ్రహాంతర సామ్రాజ్యం వాళ్లు ఆమె శక్తుల్ని మనసులోంచి కోసి తీసేస్తారు, ఆమె మామూలు మనిషిగా ఇంటికొస్తుంది. పేజీలు గీయడం కూడా అయిపోయింది. అప్పటి ఎడిటర్-ఇన్-చీఫ్ జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అంతమందిని చంపినవాళ్లు ఏ శిక్షా లేకుండా ఇంటికి వెళ్తే కథకి నీతి ఉండదన్నది ఆయన పట్టు. షూటర్ తర్వాత చెప్పిన ప్రకారం ఆయన అడిగింది శిక్ష. అయితే చంపేద్దామన్న మాట క్లేర్మాంట్ వైపు నుంచి వచ్చింది, షూటర్ సరేనన్నాడు. చివరి పేజీలు మార్చి గీశారు, మార్చి రాశారు. చంద్రుడి మీద జీన్ తనని తాను చంపుకునే ముగింపు అలా వచ్చింది. పాత ముగింపుని 1984లో 'ఫీనిక్స్: ది అన్‌టోల్డ్ స్టోరీ' పేరుతో మార్వెలే అచ్చు వేసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. అచ్చయిన ముగింపు ఎంతో బలమైనది, అందులో ఎడిటర్ వాటా ఉంది. ఎడిటర్ జోక్యమంటేనే కథ పాడవడం అనుకునే అభిమానులు ఈ ఒక్క సంచిక దగ్గర ఆగి ఆలోచించాలి.

అపోహ: జట్టు నాయకుడు సైక్లాప్స్‌ని భార్యాబిడ్డల్ని వదిలేసినవాడిగా చేసింది క్లేర్మాంట్.

వాస్తవం: ఈ నింద ఆయన మీద పడటం మాకు నిజంగా బాధ. తేదీలే సాక్ష్యం. సైక్లాప్స్ ప్రేయసి జీన్ పోయాక, 168వ సంచికలో (1983) మాడలిన్ ప్రయర్ అనే పైలట్‌ని క్లేర్మాంట్ తెచ్చాడు. 175లో సైక్లాప్స్‌తో ఆమె పెళ్లి. 201లో, అంటే 1986 జనవరి సంచికలో, వాళ్లకి కొడుకు పుట్టాడు. అదే సంచికలో నాయకత్వం కోసం శక్తులు లేని స్టార్మ్‌తో పోటీపడి సైక్లాప్స్ ఓడిపోయి సంసారానికి వెళ్లిపోతాడు. సూపర్‌హీరో కామిక్స్‌లో దాదాపు కనిపించని ముగింపు అది. ఒక మనిషి పని మానేసి, సుఖంగా ఇంటికి పోవడం.

అదే జనవరిలో 'అవెంజర్స్' 263, 'ఫెంటాస్టిక్ ఫోర్' 286 సంచికలు జీన్‌ని తిరిగి తెచ్చాయి. కారణం వ్యాపారం: మొదటి అయిదుగురు ఎక్స్-మెన్‌తో 'ఎక్స్-ఫ్యాక్టర్' అనే కొత్త సిరీస్ మొదలుపెట్టాలి. చనిపోయింది జీన్ కాదు, ఆమె రూపంలోని ఫీనిక్స్ శక్తి అన్న ఉపాయం అప్పటికింకా వృత్తిలో కొత్తవాడైన కర్ట్ బ్యూసిక్ ఆలోచన. అది రోజర్ స్టెర్న్, బైర్న్‌ల ద్వారా అమల్లోకి వచ్చింది. ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్-ఫ్యాక్టర్ ఒకటో సంచికని రాసింది బాబ్ లేటన్. జీన్ బతికుందని తెలిసి సైక్లాప్స్ ఇల్లు వదిలింది అందులో. క్లేర్మాంట్ దాన్ని వ్యతిరేకించాడు, ఆయన మాట చెల్లలేదు.

అక్కడినుంచి నష్టం ఎలా పెరిగిందో చూడండి. వదిలేసిన భర్తని మంచివాడిగా నిలబెట్టాలంటే భార్యని చెడ్డదాన్ని చేయాలి. 'ఇన్ఫెర్నో' కథలో మాడలిన్ జీన్‌కి క్లోన్ అని తేలింది, రాక్షసశక్తులతో చేతులు కలిపింది, చనిపోయింది. ఇన్ఫెర్నో రాసినవాళ్లలో క్లేర్మాంట్ ఉన్నాడు కాబట్టి ఆ వాటా ఆయనదే. అసలు చిక్కుముడి వేసింది మాత్రం వేరే ఆఫీసు గది.

అపోహ: మాటలు ఎక్కువ, ఒక్కో పాత్ర తన శక్తుల్ని పదేపదే వర్ణించుకుంటుంది. అంటే చేతకాని రాత.

వాస్తవం: మాటలు ఎక్కువన్నది నిజం. ప్యానెల్‌కి 35 మాటలు, ఒక బెలూన్‌కి 25 దాటకూడదన్నది ఈ పనిలో చాలామంది పాటించే కొలత. క్లేర్మాంట్ దాన్ని ఎన్నోసార్లు దాటాడు. అంత రాతని చదవగలిగేలా పేజీలో ఇమిడ్చిన టామ్ ఒర్జెకౌస్కీ చేతిరాతకి అభిమానులు ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వలేదు.

చేతకానితనం అన్నది మాత్రం తప్పు. అప్పట్లో కామిక్ అమ్ముడయ్యేది ఎక్కువగా పత్రికల దుకాణాల్లో. కిందటి సంచిక దొరికిందన్న హామీ లేదు, సంకలనాలు లేవు. ప్రతి సంచికా ఎవరో ఒకరికి మొదటిది అన్నది మార్వెల్ ఆఫీసు నియమం. అందుకే కొలోసస్ ఉక్కు శరీరం గురించీ సైక్లాప్స్ కళ్ల గురించీ ప్రతి నెలా చెప్పాల్సి వచ్చింది. వారపత్రిక సీరియల్‌ని వారం వారం చదివినప్పుడు అక్కరకొచ్చిన 'జరిగిన కథ', పుస్తకంగా ఒక్క బిగిన చదివితే అడ్డొచ్చినట్టే ఇదీ. ఇప్పుడు లావుపాటి సంకలనంలో చదివేవాళ్లు రోజుకి రెండు సంచికలు మించకుండా చదివితే విసుగు తగ్గుతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఒక పేజీలో బెలూన్లు మూసి బొమ్మలు చూడండి, తర్వాత మాటలు చదవండి. బొమ్మ చెప్పిందే మాట చెప్పిన చోట విమర్శ న్యాయం. బొమ్మలో లేని భయం, సిగ్గు, పాత బాకీ మాటలో ఉంటే అది మాటల దుబారా కాదు. 'లైఫ్‌డెత్' పేరున్న 186వ సంచికలో, బారీ విండ్సర్-స్మిత్ బొమ్మల మీద, ఈ రెండో రకమే ఎక్కువ.

అపోహ: ఎక్స్-మెన్ ప్రధాన శత్రువు మాగ్నీటో గతం, సిరీస్ మొదటి రచయిత స్టాన్ లీ 1963లోనే రాసిపెట్టాడు.

వాస్తవం: 1963 మాగ్నీటో క్షిపణి కేంద్రాన్ని పట్టుకుని ప్రగల్భాలు పలికే మామూలు విలన్. 2000 సినిమా మొదటి దృశ్యంలో మనం చూసిన నాజీ శిబిరం నేపథ్యం కామిక్స్‌లోకి వచ్చింది 1981లో, క్లేర్మాంట్ రాసిన 150వ సంచికతో. కిట్టీని దాదాపు చంపేశాక, పసిదాన్ని కొట్టానని తెలిసి మాగ్నీటో కూలబడతాడు, ఆష్‌విట్జ్ గురించి మాట్లాడతాడు. ఎక్స్-మెన్ గురువు జేవియర్, మాగ్నీటోలంటే మార్టిన్ లూథర్ కింగ్, మాల్కమ్ ఎక్స్ అన్న పోలిక బాగా పాకింది. క్లేర్మాంట్ మాగ్నీటో గురించి చెప్పేటప్పుడు తెచ్చిన పేరు మెనాకెమ్ బెగిన్: ఒకప్పుడు ఉగ్రవాది అనిపించుకుని తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఇజ్రాయెల్ ప్రధాని.

అపోహ: 1991లో కొత్తగా మొదలైన రెండో 'ఎక్స్-మెన్' సిరీస్ ఒకటో సంచికని 80 లక్షల మంది చదివారు. అంత విజయం తర్వాత ఆయన తృప్తిగా విరమించుకున్నాడు.

వాస్తవం: సుమారు 81 లక్షలన్నది దుకాణాలకి వెళ్లిన కాపీల లెక్క, పాఠకుల లెక్క కాదు. అయిదు రకాల కవర్లతో వచ్చింది కాబట్టి ఒక్కరే అయిదూ కొన్న సందర్భాలు బోలెడు. కామిక్స్ దుకాణాలు అమ్ముడుపోని వాటిని తిరిగి పంపలేవు, అందుకే ఆ సంచిక ఇప్పటికీ చవగ్గా దొరుకుతుంది. పెట్టుబడిగా కొనకండి. ఇక తృప్తి విషయం: కథాంశాల మీద పట్టు క్రమంగా చిత్రకారుడు జిమ్ లీకీ, ఎడిటర్ బాబ్ హారస్‌కీ వెళ్లింది. 'అన్‌కానీ ఎక్స్-మెన్' (పైన చెప్పుకున్న పాత సిరీసే) 279వ సంచికని క్లేర్మాంట్ మధ్యలోనే వదిలేస్తే ఫేబియన్ నిసీజా పూర్తిచేశాడు. కొత్త సిరీస్‌లో మూడో సంచిక దాకా ఉండి వెళ్లిపోయాడు.

"బైర్న్ పోయాక పడిపోయింది" అనేవాళ్లకి సమాధానంగా 150, 186 సంచికల గురించి పైనే చెప్పాం. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. 251 తర్వాత కొన్నాళ్లు జట్టే చెల్లాచెదురై ఉంటుంది, విడిచిన పోగులు చాలావరకు విడిచినట్టే మిగిలాయి. మిస్టీక్, డెస్టినీలే నైట్‌క్రాలర్ తల్లిదండ్రులన్న ఆయన ఆలోచనకి అప్పట్లో అనుమతి దొరకలేదు. 2023లో వేరే రచయిత చేతిలో గానీ అది అచ్చుకెక్కలేదు. మీరే తేల్చుకోవాలంటే పాల్ స్మిత్ గీసిన 168 నుంచి 170, ఆపైన 172 నుంచి 175 దాకా చదవండి. మధ్యలోని 171 వాల్టర్ సైమన్‌సన్ గీసింది, రోగ్ జట్టులో చేరేది అందులోనే కాబట్టి వదలొద్దు. ప్రతి సంచికలో మొదటి పేజీలోని పేర్ల పెట్టె చూశాకే కథలోకి వెళ్లండి.