లండన్‌కు కొత్తగా వచ్చిన విద్యార్థులు: అపోహలు - వాస్తవాలు

లండన్‌లోని ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సహాయ విభాగంలో పనిచేస్తున్నాను. సెప్టెంబరు వచ్చిందంటే మా గది ముందు క్యూ మొదలవుతుంది. వచ్చేవాళ్లలో చాలామందిని ఇబ్బందిపెట్టింది ఈ నగరం కాదు, ఎవరో చెప్పగా విన్న మాట. "మనం బయటివాళ్లం, మనకేం హక్కులుంటాయి" అన్న భయం లోపల ఉంటే ఇలాంటి మాటలు ఇట్టే నమ్మేస్తాం.

అపోహ: ముందే డబ్బు కట్టకపోతే రూమ్ దొరకదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒకమ్మాయి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా రెండు సూట్‌కేసులతో మా దగ్గరికి వచ్చింది. ఫోన్‌లో అగ్రిమెంట్ ఉంది, కట్టిన డబ్బుకు రసీదు ఉంది. అగ్రిమెంట్‌లో రాసిన ఫ్లాట్ నంబరు మాత్రం ఆ బిల్డింగులో లేనే లేదు. ఓనరు తాను వేరే దేశంలో ఉన్నానని, తాళాలు పోస్టులో పంపుతానని చెప్పాడట. ఆ డబ్బు తిరిగి రాలేదు.

మొదటి వారం, పది రోజులు హాస్టల్లోనో, యూనివర్సిటీ చూపించే తాత్కాలిక గదిలోనో ఉండండి. రూమ్‌ను కళ్లారా చూశాకే డబ్బు కట్టండి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం, రూమ్ మీ కోసం ఆపి ఉంచడానికి ఒక వారం అద్దెకు మించి అడగకూడదు. ఏడాది అద్దె 50 వేల పౌండ్ల లోపు ఉంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెను దాటకూడదు. అగ్రిమెంట్ రాసినందుకు వేరే ఫీజు వసూలు చేయకూడదు. మామూలు అద్దె ఇంట్లో అయితే ఓనరు మీ డిపాజిట్‌ను 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టాలి. ఓనరుతో ఒకే ఇంట్లో ఉంటే మాత్రం ఈ స్కీము వర్తించదు. అప్పుడు ప్రతి పౌండుకూ రసీదు తీసుకోండి.

అపోహ: జ్వరం వచ్చినప్పుడు చూసుకుందాం, డాక్టరు ఎక్కడికి పోతాడు?

వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జి (ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే రుసుము) కట్టి వచ్చారు. అయినా జీపీ (మన ప్రాంతపు ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోకుండా నెలలు గడిపేస్తారు. తీరా ఒంట్లో బాగోనప్పుడు మంచం మీద పడుకుని ఫారాలు నింపాల్సి వస్తుంది. నమోదుకు డబ్బు అక్కర్లేదు. అడ్రస్ ప్రూఫ్ లేదని మిమ్మల్ని వెనక్కి పంపకూడదు, ఇది ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) నియమమే. రిసెప్షన్‌లో కాదంటే ఆ మాటే మర్యాదగా చెప్పండి. అత్యవసరం కాకపోయినా ఆగలేని సమస్యకు 111కి, ప్రాణం మీదికొస్తే 999కి ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లకూ కాల్ ఉచితం.

అపోహ: క్యాష్ తీసుకుంటే 20 గంటల లెక్కలోకి రాదు.

వస్తుంది. డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లలో ఎక్కువమందికి టర్మ్ సమయంలో, అంటే చదువు సాగే కాలంలో, వారానికి 20 గంటలే పనిచేయడానికి అనుమతి. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఒక వారం 10 గంటలే చేశాను కాబట్టి వచ్చే వారం 30 చేస్తానంటే కుదరదు. రెండు చోట్ల పనిచేస్తే రెండూ కలిపే లెక్క. వేరేవాళ్ల డెలివరీ యాప్ అకౌంట్ అద్దెకు తీసుకుని డెలివరీ చేయడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధికి అసలు అనుమతే లేదు.

మాస్టర్స్ వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇంకొకటుంది. వేసవి వచ్చింది కదా, సెలవులే అనుకుని ఫుల్ టైం పనిలో చేరిపోతారు. డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన వ్యాసం) రాసే ఆ నెలలు సాధారణంగా టర్మ్ కిందకే వస్తాయి. మీ కోర్సు తేదీలు యూనివర్సిటీని అడిగి, మెయిల్‌లో జవాబు తెప్పించుకుని దాచుకోండి.

అపోహ: కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక సంస్థ వేసే ఇంటి పన్ను) ఉత్తరం మనకు సంబంధించింది కాదు.

ఫుల్ టైం విద్యార్థులే ఉండే ఇంటికి ఆ పన్ను ఉండదు. కానీ మీరు విద్యార్థులని కౌన్సిల్‌కు ఎవరో ఒకరు చెప్పాలి కదా! యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్ పంపండి. ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేస్తే నోటీసులు వస్తూనే ఉంటాయి.

అపోహ: స్టూడెంట్ ఆయిస్టర్ (లండన్ బస్సులు, రైళ్లలో వాడే విద్యార్థుల కార్డు) ఉంటే ప్రతి ప్రయాణానికీ 30 శాతం తగ్గుతుంది.

తగ్గేది వారం, నెల లాంటి పాసుల మీదే. అప్పుడప్పుడూ బయటికి వెళ్లేవాళ్లకు బస్సే చవక. మొదటి బస్సులో కార్డు తాకించిన దగ్గర్నుంచి గంటలోపు అదే కార్డుతో ఎక్కే మిగతా బస్సులకు మళ్లీ డబ్బు పడదు.

అపోహ: అందరూ బాగానే ఉన్నారు, నాకే ఇలా ఉంది.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. డిసెంబరు వచ్చేసరికి నాలుగింటికే చీకటి. వచ్చిన కొత్తలో ఉన్న హుషారు అప్పటికి తగ్గిపోతుంది. ఒక నవంబరులో ఒక అబ్బాయి అటెండెన్స్ లెటర్ కోసం వచ్చాడు. లెటర్ చేతికిచ్చినా లేవలేదు. కోటు కూడా విప్పకుండా అలాగే కూర్చున్నాడు. చాలాసేపటికి, "నేను క్లాసుకెళ్లి మూడు వారాలైంది మేడమ్" అన్నాడు.

అతనిలాగే చాలామంది, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే వీసాకు ఇబ్బంది అని టెన్షన్ పడతారు. వెళ్లినందుకు వీసాకు ఏమీ కాదు. ప్రాణానికి ప్రమాదం లాంటి పరిస్థితి ఉంటే తప్ప, అక్కడ చెప్పిన మాట అక్కడే ఉంటుంది. వీసాకు నిజంగా ముప్పు తెచ్చేది చెప్పాపెట్టకుండా క్లాసులు మానేయడం, ఎందుకంటే విద్యార్థి చదువులో పాల్గొనకపోతే యూనివర్సిటీ హోం ఆఫీస్‌కు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకు) తెలియజేయాలి. ముందుగా చెబితే గడువు పెంచడమో, కొంతకాలం విరామం ఇవ్వడమో ఏదో ఒక దారి వెతకొచ్చు. ఆ అబ్బాయి విషయంలో మేం ఆ మధ్యాహ్నమే అతని ట్యూటర్‌కు ఫోన్ చేశాం. రెండు అసైన్‌మెంట్లకు గడువు పెరిగింది. తర్వాతి సోమవారం అతను క్లాసుకు వెళ్లాడు.