జెల్ ఇంజెక్షన్ వచ్చేదాకా ఆగుదామా? రెటీనా వైద్యంలో అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మా ఓపీకి వచ్చే షుగర్ పేషెంట్లు ఈ మధ్య ఫోన్ తీసి ఒక వాట్సాప్ మెసేజ్ చూపిస్తున్నారు. షుగర్ వల్ల కంటి వెనక పొర (రెటీనా) వాచినవాళ్లకు కంట్లోకే వేసే నెలనెలా సూది బాధ, మందు కలిపిన జెల్ ఎక్కిస్తే తప్పుతుందని దాని సారాంశం. అందులో నిజం కొంత ఉంది, తొందరపాటు చాలా ఉంది.

అపోహ: "జెల్ వస్తోందంట కదా సార్, అప్పటిదాకా ఈ సూదులు ఆపేద్దాం."

నాకు టెన్షన్ పెట్టేది ఈ మాటే. ఆక్సిటినిబ్ అనే మందును నీటిని పట్టి ఉంచే పాలిమర్ జెల్ (హైడ్రోజెల్)లో ఇమిడ్చి చేసిన సన్నటి పుల్ల ఒకటి మూడో దశ ట్రయల్స్ దాకా వెళ్లింది. ఆ ట్రయల్స్ ముందుగా మొదలైంది వయసు మీద పడ్డాక మాక్యులాకు (రెటీనాలో స్పష్టమైన చూపునిచ్చే నడిమి భాగం) వచ్చే జబ్బుకు, షుగర్ వాపుకు కాదు. ఇక్కడ మేం రోజూ వేసేవి బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, ఆఫ్లిబర్సెప్ట్ లాంటి ద్రవ మందులే. మాక్యులాలో నీరు చేరి నెలల తరబడి అలాగే ఉండిపోతే అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి జెల్ వచ్చినా వాటిని బతికించలేదు.

అయినా జెల్ కోసం నేనూ ఎదురుచూస్తున్నాను. ఇప్పటి మందు వేసిన వారం, పది రోజులకే కంట్లో సగానికి పడిపోతుంది. అందుకే మొదట్లో నెలకోసారి రమ్మంటాం. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో ఒక పెద్దాయన రావాలంటే కొడుకు కూలి మానుకుని వెంట రావాలి. కోట వైపు రొయ్యల చెరువుల వాళ్లయితే పట్టుబడి రోజుల్లో అస్సలు రారు. మందు పనిచేయక కాదు, తేదీ తప్పి చూపు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు నాకు.

అపోహ: జెల్ పెడితే చూపుకు అడ్డం పడుతుంది.

కంటి లోపల ఉన్నదే జెల్. విట్రియస్ అంటాం, దాదాపు 4 మి.లీ. ఉంటుంది, అందులో 98 శాతానికి పైగా నీరే. మెత్తటి కాంటాక్ట్ లెన్స్ కూడా హైడ్రోజెలే. చెక్ శాస్త్రవేత్త ఒట్టో విఖ్టర్లే 1961లో పిల్లల బొమ్మల కిట్‌తో ఇంట్లోనే మెషిన్ బిగించి వాటిని తయారుచేశాడు! ఎండాకాలం సబ్జా గింజలు నానేస్తే చుట్టూ పట్టే జిగురు పొరదీ ఇదే జాతి: నీటిని పట్టి ఉంచే సన్నటి వల. ఆ వలలో మందు చిక్కుకుని కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. కొన్ని జెల్స్ సూదిలో ద్రవంగా ఉండి ఒంటి వేడికి గట్టిపడతాయి. కొన్ని ఎండు పుల్లలా లోపలికి వెళ్లి, అక్కడి నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. చాలావరకు వాటంతటవే కరిగిపోయేలా చేస్తారు, బయటికి తీయాల్సిన పని ఉండదు.

చిక్కు మరోచోట ఉంది. కొన్ని జెల్స్ మొదటి రోజుల్లోనే మందునంతా వదిలేస్తాయి. ప్రోటీన్ మందులు నెలల తరబడి ఒంటి వేడిలో పాడవకుండా ఉండాలి. ఉబ్బు ఎక్కువైతే కంటి ప్రెషర్ పెరగొచ్చు. పైగా ద్రవ మందు పడకపోతే కొన్నాళ్లకు దానంతటదే పోతుంది. జెల్ పడకపోతే అది కరిగేదాకా భరించాలి. వాట్సాప్ మెసేజ్‌లో ఈ ముక్క ఉండదు.

అపోహ: చుక్కల మందు వేస్తే సరిపోయేదానికి సూది ఎందుకు?

కంట్లో వేసిన చుక్క చాలావరకు కన్నీళ్లతోనే కొట్టుకుపోతుంది. వెనకున్న రెటీనాకు చేరేది లెక్కలోకి రానంత తక్కువ.

అపోహ: కంట్లో సూదంటే ప్రాణం పోయేంత నొప్పి.

ముందు మత్తు చుక్కలు వేస్తాం, తర్వాత పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తాం. నల్లగుడ్డు అంచు నుంచి 3.5 - 4 మి.మీ. దూరం క్యాలిపర్‌తో కొలిచి, తెల్లగుడ్డులో చాలా సన్నటి 30 గేజ్ సూదితో గుచ్చుతాం. లోపలికి వెళ్లే మందు 0.05 మి.లీ., అంటే చిన్న చుక్కంత. కొద్దిగా ఒత్తినట్టు అనిపిస్తుంది, అంతే. ఇన్ఫెక్షన్ చాలా అరుదు. కానీ వేయించుకున్న వారం లోపు నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడి చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే రండి.

అపోహ: జెల్ వచ్చాక చెకప్‌లు ఉండవు.

ఉంటాయి. జెల్ తగ్గించేది సూదుల సంఖ్యనే, షుగర్‌ను కాదు. ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను చూపించే స్కాన్) తీస్తేగానీ నీరు తగ్గిందో, మళ్లీ చేరిందో తెలియదు. ఒక కన్ను బాగా కనిపిస్తుంటే రెండో కంట్లో వాపు వచ్చిన సంగతి పేషెంటుకే తెలియకుండా పోతుంది.